కంప్యూటర్ క్యాష్‌ను పిల్లల చేత కొలిపించండి

సంపాదకులకు నమస్కారం.

లాప్‌టాప్ కొనేవారికి సూచనలంటూ మీ పత్రికలో వచ్చిన వ్యాసంలో 'క్యాష్ ఎంత ఎక్కువుంటే అంత వేగం' అని రాశారు. పదహారేళ్లుగా ఇంజినీరింగ్ కాలేజీలో కంప్యూటర్ ఆర్గనైజేషన్ చెబుతున్నాను. ఆ మాట చదివాక ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను.

క్యాష్ అంటే ప్రాసెసర్ దగ్గరే ఉండే చిన్న, వేగవంతమైన మెమరీ, పొయ్యి పక్కన ఉండే పోపుల డబ్బా లాంటిది. ప్రధాన మెమరీ అయిన ర్యామ్ వీధి చివర కిరాణా కొట్టు. డబ్బా పెద్దదైతే మంచిదే, కానీ వంటను బట్టి కూడా ఉంటుంది. 2022లో చిప్‌ల కంపెనీ ఏఎండీ తన రైజెన్ 5800ఎక్స్ లాంటి చిప్ మీదే అదనపు క్యాష్ పేర్చి 5800ఎక్స్3డీ తెచ్చింది. ఎల్3 (మూడో అంచె) క్యాష్ 32 ఎంబీ నుంచి 96 ఎంబీకి పెరిగింది, గరిష్ఠ వేగం 4.7 గిగాహెర్ట్జ్ నుంచి 4.5కి తగ్గింది. చాలా గేముల్లో కొత్తది బాగా ముందుంది. అంత క్యాష్ అవసరం లేని పనుల్లో పాతదే గెలిచింది. ఏ పనికి ఏది మేలో కొలిస్తేనే తెలుస్తుంది.

ఆ కొలవడమే మా పిల్లలకు నేర్పడం లేదు. పరీక్షలో హిట్ రేటు (అడిగిన డేటా క్యాష్‌లో ఎన్నిసార్లు దొరికిందో), మిస్ పెనాల్టీ (దొరకనప్పుడు పట్టే అదనపు సమయం) ఇచ్చేస్తారు, సూత్రంలో వేసి లెక్క చేస్తే మార్కులు. ల్యాబ్‌లో ఇప్పటికీ ఇంటెల్ 8086 ప్రాసెసర్ ప్రోగ్రాములే. అది 1978 నాటి చిప్, అందులో క్యాష్ అనేదే లేదు!

అందుకే మూడేళ్లుగా ఖాళీ పీరియడ్లలో నేనే చేయిస్తున్నాను. 4096 అడ్డు వరుసలు, 4096 నిలువు వరుసలు ఉన్న పట్టికలో అంకెలన్నీ కూడమంటాను. పక్కపక్క అంకెలు ఒకేసారి క్యాష్‌లోకి వస్తాయి కాబట్టి అడ్డంగా కూడితే చిటికెలో అయిపోతుంది, నిలువుగా కూడితే ఎన్నో రెట్లు ఆలస్యం. తర్వాత అడ్డు వరుస పొడవు 4112 చేయమంటాను. పట్టిక పెద్దదైనా నిలువు కూడిక వేగం పెరుగుతుంది. 4096తో ఒక నిలువు వరుసలోని అంకెలన్నీ క్యాష్‌లో అవే కొద్ది గదుల కోసం కొట్టుకుంటాయి, 4112తో సర్దుకుని కూర్చుంటాయి. అది చూసినప్పుడు పిల్లల ముఖాలు చూడాలి.

రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ మీద మరో ప్రయోగం. డేటా సైజు పెంచుకుంటూ ఒక్కో రీడ్‌కు పట్టే సమయం గీస్తే 32 కేబీ దాటాక ఒక మెట్టు, 1 ఎంబీ దగ్గర ఇంకో మెట్టు కనిపిస్తాయి. డేటా ఒక్కో అంచె క్యాష్‌లో పట్టకపోయినప్పుడల్లా ఒక మెట్టన్నమాట. వరసగా కాకుండా చెల్లాచెదురుగా చదివించాలి. లేకపోతే ప్రాసెసర్ ముందే ఊహించి డేటా తెచ్చి పెట్టేస్తుంది, మెట్లు మాయమవుతాయి.

పోయినేడు ఒక అమ్మాయి తన ఆపిల్ ఎం1 లాప్‌టాప్ మీద కొలిచి క్యాష్ లైన్ (క్యాష్‌లోకి ఒకేసారి తెచ్చే డేటా ముక్క) 128 బైట్లని రాసింది. మా ల్యాబ్ మాన్యువల్లో 64. నేను రికార్డులో ఎర్ర పెన్నుతో కొట్టేశాను. 'మేడమ్, ఒక్కసారి చూడండి' అని నా ముందే మళ్లీ రన్ చేసింది. సిస్టమ్‌నే అడిగితే అదీ 128 అనే చెప్పింది. మార్కులు వెంటనే దిద్దాను. మాన్యువల్ మాత్రం ఇంకా అలాగే ఉంది.

సిలబస్ తయారుచేసే పెద్దలకు మీ పత్రిక ద్వారా నా విన్నపం ఒక్కటే. వచ్చే సవరణలో రెండు ల్యాబ్ క్లాసులు దీనికి ఇవ్వండి. కొత్త పరికరాలేవీ కొనక్కర్లేదు. పిల్లల లాప్‌టాప్‌లు, ఒక సీ కంపైలర్ చాలు. ఒక్కో మెషీన్‌లో ఒక్కో జవాబు వస్తుంది, రానివ్వండి.

— ఒక కంప్యూటర్ సైన్స్ అధ్యాపకురాలు, తాడేపల్లిగూడెం