ఏఐ రాసిన కోడ్ గురించి అడిగావు కదా, బంగారం

బంగారం,

మొన్న ఫోన్‌లో అడిగావు కదా, ఏఐ ఎలాగూ కోడ్ రాసిపెడుతుంటే నేను అర్ధరాత్రి దాకా కూర్చుని పాయింటర్లూ రికర్షనూ లాంటి ప్రోగ్రామింగ్ పాఠాలు ఎందుకు బుర్రకెక్కించుకోవాలమ్మా అని. ఫోన్‌లో రెండు ముక్కల్లో తేల్చేసే సంగతి కాదిది, అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. పొడుగ్గానే ఉంటుంది, ఒకేసారి చదవలేకపోతే రెండు విడతల్లో చదువు.

ఏఐని వాడొద్దని చెప్పడానికి రాయట్లేదు. నేను రోజూ వాడతాను. తెలియని లైబ్రరీ ఒకటి నెత్తిన పడ్డప్పుడు దాని తీరుతెన్నులు తెలుసుకోవడానికి, విసుగు పుట్టించే టెస్ట్ డేటా తయారు చేయించడానికి, టెక్స్ట్‌లో ఒక నమూనాని వెతికే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు రాయించడానికి చాలా బాగా పనికొస్తుంది. ఒకప్పుడు సగం పూట పట్టిన పని ఇప్పుడు కాసేపట్లో అయిపోతోంది, దానికి నాకు సంతోషమే. నా బెంగల్లా వేరే విషయం గురించి.

ఈ మధ్య మా టీంలో కొత్తగా చేరిన కుర్రాడు ఒక మార్పుని రివ్యూకి పంపాడు. బిల్లులో ఒక్కో వస్తువు ధర, పన్ను, తగ్గింపు లెక్కేసి మొత్తం చూపించే ఫంక్షన్. చూడ్డానికి ముచ్చటగా ఉంది, వేరియబుల్స్‌కి మంచి పేర్లు పెట్టాడు, టెస్టులన్నీ పాసయ్యాయి. డబ్బుని మాత్రం ఫ్లోట్‌లో, అంటే దశాంశ సంఖ్యల్ని ఉజ్జాయింపుగా దాచే రకంలో, పెట్టాడు. ఫ్లోట్ ఎందుకు తీసుకున్నావు అని అడిగితే, ఏఐ అలాగే ఇచ్చింది, పనిచేస్తోంది కదా అన్నాడు. పక్కన కూర్చోబెట్టుకుని, పైథాన్ తెరిచి 0.1 + 0.2 కొట్టి చూడమన్నాను. 0.30000000000000004 అని వచ్చింది. అతను ఒక్క క్షణం స్క్రీన్‌ని అలాగే చూసి, మళ్ళీ కొట్టాడు, మళ్ళీ అదే వచ్చింది.

నీకు ఇది ఇంకా క్లాసులో చెప్పి ఉండరు కాబట్టి చెబుతాను. మనం పది అంకెలతో లెక్కపెడతాం కాబట్టి మూడింట ఒక వంతుని 0.333 అంటూ ఎంత దూరం రాసినా పూర్తవదు. కంప్యూటర్ 0, 1 అనే రెండంకెలతోనే లెక్కపెడుతుంది కాబట్టి దానికి పదింట ఒక వంతు అలా ఎప్పటికీ పూర్తవని సంఖ్య. 64 బిట్లలో, అంటే అలాంటి 64 అంకెల చోటులో, పట్టినంత పట్టించి, మిగిలినదాన్ని దగ్గర్లో ఉన్న సంఖ్యకి సవరించేస్తుంది. ఒక బిల్లులో ఆ తేడా కంటికి ఆనదు. లక్షల బిల్లులు కూడాక చివరి అంకె దగ్గర లెక్క కలవదు, అప్పుడు ఎక్కడ తేడా వచ్చిందో వెతకడానికి ముగ్గురు మనుషులు రోజుల తరబడి కూర్చోవాలి. అందుకే డబ్బుని అతి చిన్న నాణెం లెక్కన పూర్ణాంకాల్లో దాస్తాం, లేదంటే మన పది అంకెల లెక్కలోనే దాచే డెసిమల్ టైప్ వాడతాం.

ఆ కుర్రాడు తెలివైనవాడు, చెప్పగానే పట్టేశాడు, సాయంత్రానికల్లా మార్చి పంపాడు. ఫ్లోట్ గురించి తెలియకపోవడం పెద్ద విషయమేం కాదు, ఎవరైనా ఎప్పుడో ఒకప్పుడు నేర్చుకోవాల్సిందే. నాకు మనసులో గుచ్చుకున్నది ఏంటంటే, తన పేరు మీద వెళ్తున్న కోడ్‌లో ఒక లైను అక్కడ ఎందుకుందో తనకే తెలియకపోవడం, అలా తెలియకపోయినా పర్లేదని అనుకోవడం.

ఇది ఏఐతోనే వచ్చిన జబ్బు అని కూడా అనను. 1996 జూన్ 4న ఏరియన్ 5 రాకెట్ మొట్టమొదటిసారి ఎగిరి, 40 సెకన్లు కూడా గడవకముందే దారి తప్పి పేలిపోయింది. ఏరియన్ 4లో చక్కగా పనిచేసిన సాఫ్ట్‌వేర్ భాగాన్ని అలాగే తెచ్చి ఇందులో పెట్టారు. అందులో ఒకచోట 64 బిట్ల ఫ్లోట్‌ని 16 బిట్ల పూర్ణాంకంగా మార్చే లైను ఉంది. కొత్త రాకెట్ దారి వేరు, అడ్డంగా వెళ్ళే వేగం పాతదానికంటే బాగా ఎక్కువ, ఆ సంఖ్య 16 బిట్లలో పట్టలేదు, దాంతో దారి చూపే కంప్యూటర్ ఆగిపోయింది. అంతకంటే బాధ కలిగించేది ఇంకోటుంది. ఆ లెక్క ఏరియన్ 5కి నేల మీద నుంచి లేచాక అసలు అక్కర్లేదు. అక్కర్లేని లెక్క, పాతదాంట్లో ఉంది కాబట్టి ఇందులోనూ నడుస్తూ ఉండిపోయింది. ఎందుకుంది అని చివరిదాకా పట్టుబట్టి అడిగిన మనిషి ఉంటే బాగుండేదని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

అందుకే నువ్వు పాయింటర్లు నేర్చుకోవాలి. పాయింటర్లతోనే రేపు పని పడుతుందని కాదు, మా ఆఫీసులో చాలామంది ఏళ్ళ తరబడి పాయింటర్ ముట్టుకోకుండానే మంచి పని చేస్తున్నారు. అర్థం కాని దాని ముందు గంటసేపు కూర్చుని, కాగితం మీద గీసుకుని, ఒక్కో అడుగూ చేత్తో నడిపి చూసుకుని, ఓహో ఇదా సంగతి అనిపించేదాకా లేవకుండా ఉండటం ఒక అలవాటు. అది నీ వయసులోనే పడాలి. ఏఐని అడిగితే ఆ గంట మిగులుతుంది నిజమే, కానీ ఆ గంటలో నీ బుర్రలో జరగాల్సింది కూడా జరగకుండా పోతుంది. కాబట్టి నేను చెప్పేది ఏంటంటే, ముందు ఒక అరగంట నువ్వే కుస్తీ పట్టు, ఆ తర్వాత అడుగు, అది ఇచ్చిన జవాబుని పక్కన పెట్టి నీ మాటల్లో నాకో, నీ రూమ్మేట్‌కో వివరించి చూడు. వివరించలేకపోయావా, అది ఇంకా నీది కాలేదని లెక్క.

ఉద్యోగాలు ఉంటాయా అన్న భయం కూడా నీ గొంతులో వినపడింది. 1957లో ఫోర్‌ట్రాన్ అనే ప్రోగ్రామింగ్ భాష వచ్చింది. ఆ రోజుల్లో, మనిషి రాసినదాన్ని మెషీన్ భాషలోకి మార్చే కంపైలర్లతో చేసే పనిని ఆటోమేటిక్ ప్రోగ్రామింగ్ అని పిలిచేవాళ్ళు, మనిషి మామూలు సమీకరణంలా రాస్తే మెషీన్ కోడ్ అదే తయారైపోతుంది కాబట్టి. అంతకుముందు చేత్తో మెషీన్ కోడ్ రాసినవాళ్ళ పని నిజంగానే మారిపోయింది. మెషీన్‌కి ఎలా చెప్పాలన్న బాధ తగ్గేకొద్దీ, అసలు ఏం చెప్పాలి, ఏ పరిస్థితిలో ఏం జరగాలి అన్న ఆలోచన ఎక్కువైంది. నేను చేరినప్పటి పనికీ ఇప్పటి పనికీ కూడా పోలికే లేదు, రోజులో ఎక్కువభాగం కోడ్ చదవడానికీ, మనుషులతో మాట్లాడటానికీ పోతోంది. టెన్షన్ పడొద్దని చెప్పను, కాస్త పడితేనే చదువుతావు. ఆ టెన్షన్‌లో పునాది వదిలేసి, ఈ నెల ఏ టూల్ గురించి అందరూ మాట్లాడుతున్నారో దాని వెంట పరిగెత్తడం మాత్రం వద్దు.

నువ్వు చిన్నప్పుడు నా ఒళ్ళో కూర్చుని కీబోర్డ్ మీద టకటకా కొట్టేదానివి. అప్పట్లో నాకు మార్గరెట్ హామిల్టన్ చాలాసార్లు గుర్తొచ్చేది. అపోలో ప్రయోగాలకి కంప్యూటర్ ప్రోగ్రాములు రాసిన బృందాన్ని ఎంఐటీ ల్యాబ్‌లో నడిపించిన ఆవిడ. రాత్రుళ్ళూ సెలవురోజుల్లోనూ పనికి వెళ్ళేటప్పుడు చిన్న కూతుర్ని వెంట తీసుకెళ్ళేది. ఆ పిల్ల ఒకరోజు వ్యోమగామిలా ఆడుకుంటూ సిమ్యులేటర్ మీద ఏవో మీటలు నొక్కింది, ఎగురుతున్న సమయంలో, ఎగరకముందు వాడాల్సిన ప్రోగ్రాము మొదలైపోయి మొత్తం ఆగిపోయింది. ఇంకెవరైనా అయితే పిల్లని పక్కన కూర్చోబెట్టి మళ్ళీ పనిలో పడేవాళ్ళు. ఈవిడ మాత్రం, నిజంగా ఎవరైనా ఇలా నొక్కితే ఎలా అని ఆలోచించి, అడ్డుకునే కోడ్ పెడదామంది. వ్యోమగాములకి అంత శిక్షణ ఇస్తున్నాం, వాళ్ళు అలా నొక్కరు అని పైవాళ్ళు ఒప్పుకోలేదు. 1968 డిసెంబర్‌లో అపోలో 8 చంద్రుడి దగ్గరికి వెళ్ళి తిరిగొచ్చే దారిలో వ్యోమగామి జిమ్ లవెల్ సరిగ్గా అదే ప్రోగ్రామ్‌ని పొరపాటున ఎంచుకున్నాడు. దారి లెక్కలు చెరిగిపోయాయి, మళ్ళీ సరిచేసుకోవాల్సి వచ్చింది.

ఆ చిన్నపిల్ల నొక్కిన మీటని ఆవిడ సీరియస్‌గా తీసుకుంది చూడు, నాకు ఈ వృత్తిలో అన్నిటికంటే ఇష్టమైనది అదే. మన ప్రోగ్రాం వాడేవాళ్ళు అలసిపోయి ఉంటారు, ఒక చేత్తో పిల్లనెత్తుకుని ఉంటారు, కళ్ళజోడు పెట్టుకోవడం మర్చిపోయి ఉంటారు, ఆస్పత్రిలో కంగారుగా నిలబడి ఉంటారు. వాళ్ళు తప్పు మీట నొక్కితే అది వాళ్ళ తప్పు అనేసే ప్రోగ్రామర్ దగ్గర నేను పని నేర్చుకోలేదు, నువ్వూ నేర్చుకోకు.

ఇంకోటి, కమిట్ మెసేజ్‌లు, అంటే కోడ్‌లో ఒక్కో మార్పుని దాచేటప్పుడు రాసే చిన్న వివరణలు. నీ ప్రాజెక్ట్ చూశాను, ప్రతి కమిట్‌కీ అప్‌డేట్, ఫిక్స్, ఫైనల్ అని రాశావు. కోడ్ మార్పుల చరిత్రని దాచే గిట్‌ని 2005లో లైనస్ టోర్వాల్డ్స్ తయారు చేసింది తను మొదలుపెట్టిన లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నల్ (దాని మూలభాగం) కోసం, ఎక్కడెక్కడివాళ్ళో, ఒకరి మొహం ఒకరు ఎరగనివాళ్ళు, ఒకే కోడ్ మీద పనిచేయడానికి. అలాంటి చోట ఒకరి ఆలోచన ఇంకొకరికి అందే ముఖ్యమైన దారి ఆ మెసేజే. మా దగ్గర ఒక పాత ఫైల్లో వింత షరతు ఒకటి ఉంది, చూడగానే తీసెయ్యాలనిపిస్తుంది. ఆ లైను ఎప్పుడొచ్చిందో తీసి చూస్తే ఎవరో ఇలా రాసిపెట్టారు: అవతలి సర్వర్ ఒక్కోసారి ఒకే జవాబుని రెండుసార్లు పంపుతోంది, రెండోదాన్ని లెక్కలోకి తీసుకుంటే డబ్బు రెండుసార్లు కట్ అవుతుంది, అందుకే వదిలేస్తున్నాం. రాసినవాళ్ళు కంపెనీ వదిలి చాలా ఏళ్ళైంది, నేను వాళ్ళని చూడనుకూడా లేదు. ఆ రెండు వాక్యాలకి మాత్రం ఎంత రుణపడి ఉన్నామో చెప్పలేను. ఏం మార్చావో కోడ్ చూస్తే తెలుస్తుంది, ఎందుకు మార్చావో నువ్వు రాస్తేనే తెలుస్తుంది.

మనం రాసింది మనం అనుకున్నదానికంటే చాలా ఎక్కువకాలం బతుకుతుంది కూడా. పాత సిస్టమ్స్ చాలావాటిలో టైమ్‌ని 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లుగా 32 బిట్లలో దాచారు. అందులో పట్టే పెద్ద సంఖ్య 2,14,74,83,647. అది 2038 జనవరి 19న, యూటీసీ ప్రకారం తెల్లవారుజామున 3 గంటల 14 నిమిషాల 7 సెకన్లకి నిండిపోతుంది, ఆ తర్వాతి సెకను 1901లోకి వెళ్ళిపోతుంది. ఇప్పటి కంప్యూటర్లలో 64 బిట్లకి మార్చేశారు గానీ, ఎక్కడో గోడల్లోనూ మెషీన్లలోనూ ఇరుక్కుని ఉన్న చిన్న చిన్న పరికరాల్లో పాతవి ఇంకా ఉన్నాయి. వాటిని వెతికి మార్చే పని మీ తరం మీద పడుతుంది. ఏమీ జరగకపోతే, దీనికా ఇంత హడావిడి చేశారు అంటారు జనం. సంవత్సరాన్ని రెండంకెల్లోనే దాచిన ప్రోగ్రాములు తికమకపడతాయని భయపడ్డ 2000 సంవత్సరం వచ్చినప్పుడూ అలాగే అన్నారు, ముందే కూర్చుని కోట్ల లైన్లు సరిచేసినవాళ్ళని ఎవరూ తలుచుకోలేదు. ఇంటి పని లాంటిదే ఇది, జరిగినంతకాలం ఎవరికీ కనపడదు. మీ నాన్న నేను ఆన్‌కాల్‌లో, అంటే ఏ వేళ సమస్య వచ్చినా వెంటనే చూడాల్సిన డ్యూటీలో, ఉన్న వారాలన్నీ నీ స్కూలు, హోంవర్కు, జ్వరాలు ఒంటిచేత్తో చూసుకున్నాడు, అది నీకు తెలియాలని రాస్తున్నాను.

ఆన్‌కాల్ అంటే గుర్తొచ్చింది. మా టీంలో ఒక నియమం ఉంది, అలర్ట్ వస్తే దానికి మనిషి చేయాల్సిన పని ఏదో ఒకటి ఉండాలి, లేకపోతే ఆ అలర్ట్‌ని తీసెయ్యాలి. ఊరికే మోగేవి ఎక్కువైతే నిజంగా మంటలంటుకున్నప్పుడు మోగింది కూడా చెవికెక్కదు. అదే నియమం నా ఫోన్‌కి పెట్టాను, కాల్స్, ఆన్‌కాల్ తప్ప ఇంకేవీ మోగవు. కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ క్నూత్ 1990 జనవరి 1 నుంచి ఈమెయిల్ వాడటమే మానేశాడు, లోతుగా చదివి రాసే పనికి తెగిపోని సమయం కావాలని. మనకి అంత వీలు కాదు గానీ, నీ ఫోన్ ఇచ్చి చూపించినప్పుడు నోటిఫికేషన్లు చూసి నాకే కళ్ళు తిరిగాయి. చదువుకునే గంటసేపన్నా పక్క గదిలో పెట్టు.

పనిలో మునిగి ఉన్నప్పుడు నువ్వు వచ్చి అమ్మా అని పిలిస్తే నేను ముందు ఏదో టైప్ చేసి అప్పుడు నీ వైపు తిరిగేదాన్ని, అదేంటని ఒకసారి అడిగావు. అప్పుడు బుర్రలో ఏముందో ఒక్క లైను రాసుకునేదాన్ని: కాష్ పాతది ఇస్తోందని అనుమానం, తర్వాత టైమౌట్ చూడాలి. అది రాశాక మనసు వదిలేస్తుంది, నువ్వు చెప్పేది సగం చెవితో కాక పూర్తిగా వినగలిగేదాన్ని. ఇప్పటికీ అలాగే చేస్తాను, మీ నాన్న పిలిచినా అంతే. నువ్వూ అలవాటు చేసుకో, ఎవరో తలుపు కొట్టినప్పుడు చిరాకు పడే అవసరం ఉండదు.

నిద్ర మాత్రం మానుకోకు. రాత్రి రెండింటికి కనపడని బగ్ పొద్దున్నే పళ్ళు తోముకుంటుంటే తడుతుంది, ఈ పని చేసే ఎవరినైనా అడుగు.

ఇక నీ లింక్డ్ లిస్ట్ (గొలుసులా ఒకదానికొకటి కట్టిన నోడ్ల జాబితా) ప్రోగ్రాం పడిపోవడం, అంటే మధ్యలో ఆగిపోవడం సంగతి. నువ్వు పంపిన స్క్రీన్‌షాట్‌లో సగమే కనపడుతోంది. డీబగ్ ఆప్షన్ పెట్టి మళ్ళీ కంపైల్ చేసి, జీడీబీ అనే డీబగ్గర్‌లో నడిపి, ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో చూపే బ్యాక్‌ట్రేస్ మొత్తం టెక్స్ట్‌గా కాపీ చేసి పంపు. చివరి నోడ్ తీసేసేటప్పుడు పడిపోతోందా, లిస్ట్ ఖాళీగా ఉన్నప్పుడు కూడానా అన్నది విడివిడిగా నడిపి చూసి రాయి. ఆదివారం మధ్యాహ్నం ఇద్దరం కలిసి చూద్దాం, అప్పటిదాకా ఏఐని అడక్కు.

ప్రేమతో,
అమ్మ