కొండ దాటిన గాలి వేడెక్కేదెందుకు?

సంపాదకులకు,

కొండలు మేఘాలను గోడలా ఆపడం వల్లే అవతల వాన పడదని పాఠాల్లో చెబుతుంటాం. అది సగం నిజమే.

సముద్రమట్టం దగ్గర 20 డిగ్రీలున్న తేమగాలి కొండెక్కుతోందనుకుందాం. పైన పీడనం తక్కువ కాబట్టి అది వ్యాకోచించి కిలోమీటరుకు దాదాపు 10 డిగ్రీల చొప్పున చల్లబడుతుంది. ఒక కిలోమీటరు ఎత్తులో మేఘం కట్టిందంటే అక్కడ 10 డిగ్రీలు. ఆపైన ఆవిరి నీరవుతూ గుప్తోష్ణం (తనలో దాచుకున్న వేడి) వదులుతుంది, అందుకే చల్లబడే రేటు సుమారు 5కి పడిపోతుంది. 3 కిలోమీటర్ల శిఖరం మీద సున్నా. వాన ఇవతలే కురిసిపోయింది. ఇక ఆ గాలి అవతలికి దిగుతూ, ఒత్తిడికి కిలోమీటరుకు 10 చొప్పున వేడెక్కి, కిందికొచ్చేసరికి 30 డిగ్రీలు! మిగిలిన మేఘాలూ ఆ వేడికి కరిగిపోతాయి. వర్షచ్ఛాయ, అంటే కొండ అవతల వాన పడని ప్రాంతం, ఏర్పడేది ఇలాగే.

రాకీ పర్వతాల తూర్పున వీచే చినూక్ గాలి కథా అంతే. 1943 జనవరి 22న అమెరికాలోని స్పియర్‌ఫిష్‌లో చినూక్ వల్ల రెండే నిమిషాల్లో ఉష్ణోగ్రత మైనస్ 20 నుంచి 7 డిగ్రీలకు ఎగబాకింది.

ఏ వైపు తడుస్తుందో తేల్చేది గాలి దిశ. దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాల దక్షిణ భాగంలో పడమటి గాలులు, కాబట్టి చిలీ వైపు అడవులు, అర్జెంటీనా వైపు పొడి పటగోనియా. ఉత్తరాన తూర్పు గాలులు, ఎండేది పడమటి అటకామా ఎడారి (తీరం వెంట పారే చల్లని హంబోల్ట్ సముద్ర ప్రవాహమూ దానికి తోడు). గాలి దిశను చూపే బాణాలు లేని పటంతో ఈ తేడా ఎలా బోధపడుతుంది?

– ఒక భూగోళశాస్త్ర అధ్యాపకుడు