పతకం ఎందుకిచ్చారో కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ ఆదివారం సంచికలో గొప్ప స్నైపర్ల మీద వేసిన వ్యాసం చదివాను. ఫ్రాన్సిస్ పెగామగాబో పేరు పక్కన ఆయన చంపినవాళ్ల లెక్కగా 378 అనే అంకె, ఒక ఫొటో, రెండు లైన్లు, అంతే. నేను పదేళ్లుగా టొరంటోలో ఉంటున్నాను, ఆయన ప్రాంతం ఇక్కడికి ఉత్తరాన కారులో మూడు గంటల దారి కూడా లేదు, అందుకే రాయకుండా ఉండలేకపోయాను.

ఆయన ఒజిబ్వే ఆదివాసి. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలైన నెలలోనే కెనడా సైన్యంలో చేరాడు. మిలిటరీ మెడల్, దాని మీద రెండు బార్లు వచ్చాయి, అంటే అదే పతకం మూడుసార్లు వచ్చినట్టు. కెనడా వాళ్లలో అలా వచ్చింది 39 మందికే.

ఆ మూడు సైటేషన్లు, అంటే పతకం ఎందుకిచ్చారో చెప్పే అధికారిక వివరణలు, తీసి చదవండి సార్. మొదటిది ఈప్ర్, ఫెస్టుబెర్, జివాన్షీ పోరాటాల్లో సందేశాలు చేరవేసినందుకు. రెండోది 1917 నవంబరులో పాషన్‌డేల్‌లో: దాడికి ముందూ తర్వాతా పక్క దళాలతో సంబంధం తెగిపోకుండా చూశాడు, తమ స్థానంలోకి రావాల్సిన దళం దారి తప్పి కలగాపులగమైపోతే దాన్ని సరైన చోటికి నడిపించాడు. మూడోది 1918 ఆగస్టు 30. కంపెనీ దగ్గర తూటాలు దాదాపు అయిపోయాయి, శత్రువు చుట్టుముట్టేలా ఉన్నాడు, అప్పుడు అవతలివాళ్లు మెషిన్ గన్లు కాలుస్తుంటే ఆయన కందకం పైకెక్కి వెళ్లి తూటాలు తెచ్చాడు, వాటితోనే ఆ పోస్టు నిలబడింది. ఇందులో ఎక్కడా 378 లేదు. మూడుసార్లూ పతకం తోటివాళ్లను కాపాడిన పనికే వచ్చింది, మనం మాత్రం ఎంతమందిని చంపాడన్నదే అచ్చేస్తున్నాం. నాకు బాధగా ఉన్నది ఇక్కడే.

తిరిగొచ్చాక ఏమైందో కూడా మీ వ్యాసంలో లేదు. సాగుకి అప్పు అడిగితే, రిజర్వు (ఆదివాసులకి కేటాయించిన భూమి) మీద ప్రభుత్వం పెట్టిన అధికారి, ఇండియన్ ఏజెంటు, అడ్డుపడ్డాడు. 1921లో తన తెగకి చీఫ్ అయ్యాడు, భూముల కోసం ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాడు. 1927లో వచ్చిన చట్టం, భూమి కేసుల కోసం ఆదివాసులు చందాలు పోగుచేయడమే నేరమంది. 1933 నుంచి ఆదివాసుల వ్యవహారాలు చూసే ప్రభుత్వ శాఖకి ఏం రాయాలన్నా ఏజెంటు ద్వారానే పంపాలన్నారు. మూడు పతకాల సైనికుడు, తన ఉత్తరం తాను పంపుకోడానికి ఇంకొకడి చేతుల్లో ఉండాలా? ఆయన 1952లో పోయాడు. ఆయన ప్రాంతంలోని పారీ సౌండ్ పట్టణంలో ఆయన కంచు విగ్రహం పెట్టింది 2016 జూన్ 21న. భుజాన రైఫిల్, పైన గద్ద, కాళ్ల దగ్గర కారిబూ జింక.

మన దగ్గరా ఇదే జరుగుతోంది. సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబు పేరు, గల్వాన్ పేరు అందరికీ తెలుసు. గాయపడ్డాక కూడా ముందుండి తన జవాన్లను నడిపించాడని మహావీర్ చక్ర సైటేషన్‌లో ఉంది, దాన్ని పూర్తిగా చదివినవాళ్లు మనలో ఎంతమంది? గ్యాలెంట్రీ అవార్డుల జాబితా వచ్చినప్పుడల్లా పేరూ ఫొటోతో పాటు ఆ నాలుగు లైన్ల సైటేషన్ తెలుగులో వేయండి. పెగామగాబోవి మూడూ నేను అనువాదం చేసి పంపుతాను, ఒక మూల చోటిస్తే చాలు.

ఇట్లు,
మీ పాఠకుడు, టొరంటో