మన వర్డ్‌ప్రెస్ ప్లగిన్‌కి ఏ పీహెచ్‌పీ వెర్షన్ దాకా సపోర్ట్?

అందరికీ నమస్తే. మొన్న శనివారం కోఠిలో మన ప్లగిన్ (వర్డ్‌ప్రెస్‌తో కట్టిన సైట్‌కి అదనంగా తగిలించే ప్రోగ్రామ్) వాడే పుస్తకాల షాపుకి వెళ్లాను. మన అప్‌డేట్ పడినప్పటి నుంచి వాళ్ల సైట్ తెరుచుకోవట్లేదు. కౌంటర్ దగ్గర పెద్దాయన ఫోన్‌లో పేజీని మళ్లీ మళ్లీ కిందికి లాగి రిఫ్రెష్ చేస్తుంటే చూడలేకపోయాను. వర్డ్‌ప్రెస్, మన ప్లగిన్ రాసిన ప్రోగ్రామింగ్ భాష పీహెచ్‌పీ; వాళ్ల సర్వర్‌లో ఉన్నది దాని 7.4 వెర్షన్. మనం కొత్త కోడ్‌లో 'మ్యాచ్' అనే కోడ్ పదం వాడాం, అది వచ్చిందే 8.0లో. తప్పు పూర్తిగా మనదే.

ప్లగిన్ మెయిన్ ఫైల్ పైన 'రిక్వైర్స్ పీహెచ్‌పీ' అని, కనీసం ఏ పీహెచ్‌పీ కావాలో చెప్పే లైన్ ఒక్కటి సరిగ్గా రాసుంటే ఇంత జరిగేది కాదు. 2019లో వచ్చిన తన 5.2 వెర్షన్ నుంచి వర్డ్‌ప్రెస్ ఆ లైన్ చూసి, పాత పీహెచ్‌పీ ఉన్న సర్వర్‌లో ప్లగిన్ కొత్త వెర్షన్ ఎక్కకుండా ఆపేస్తుంది. పాతది అలాగే నడుస్తుంది.

పీహెచ్‌పీ 7.4కి సెక్యూరిటీ ప్యాచ్‌లు 2022 నవంబర్‌లోనే ఆగిపోయాయి, 8.1కి గడువు 2025 డిసెంబర్ దాకానే. కాబట్టి కొత్త ఫీచర్లన్నీ 8.2 నుంచి పైకే అని నా గట్టి అభిప్రాయం. అలాగని పాతవాళ్లని నడిరోడ్డు మీద వదిలేయడం నాకు ఇష్టం లేదు. ఇంకో ఆరు నెలలు ప్లగిన్ పాత వెర్షన్‌కి సెక్యూరిటీ ఫిక్స్‌లు చేసి, జిప్ ఫైల్ మనమే పంపిద్దాం. ఆ జిప్‌ని 7.4 మీద టెస్ట్ చేయకుండా ఎవరికీ ఇవ్వొద్దు.

మీ క్లయింట్ల వర్డ్‌ప్రెస్‌లో 'సైట్ హెల్త్' పేజీలో సర్వర్ వివరాలు తెరిచి, పీహెచ్‌పీ వెర్షన్ గురువారం సాయంత్రంలోగా ఇక్కడ పెట్టండి. వాటిని చూశాకే 8.2 ఖాయం చేద్దాం. కోఠి షాపుకి పాత వెర్షన్ నేనే ఎక్కించి వచ్చాను, సైట్ నడుస్తోంది.