సిగ్నల్ నిండుగా ఉన్నా నెట్ నడవడం లేదు: మీ వేగం అంచనాపై ఫిర్యాదు

వినియోగదారుల ఫిర్యాదుల విభాగం అధికారి గారికి,

విషయం: ఇంటి వైర్‌లెస్ కనెక్షన్‌కు మీ యాప్ చూపిన వేగం అంచనా తప్పు కావడం గురించి.

అయ్యా,

ఉప్పలగుప్తం మండలంలోని మా ఇంట్లో మూడు నెలల క్రితం మీ 4జీ రౌటర్ పెట్టించుకున్నాను. బిగించడానికి వచ్చిన అబ్బాయి దాన్ని హాల్లో కిటికీ దగ్గర పెట్టి మీ యాప్ తెరిచి చూపించాడు. సిగ్నల్ బలం మైనస్ 84 డీబీఎం (సున్నాకు ఎంత దగ్గరైతే అంత బలం), అంచనా వేగం 42 ఎంబీపీఎస్. ఆ 42 చూసే ఆరు నెలల డబ్బు ఒకేసారి కట్టాను. నేను ఇంటి నుంచే హైదరాబాద్ ఆఫీసు పని చేస్తాను. మీటింగులన్నీ సాయంత్రం ఏడు దాటాకే.

ఆ రోజు రాత్రి ఎనిమిదికి వచ్చింది 1.8. నేను మాట్లాడుతుంటే అవతలివాళ్లకు ముక్కలు ముక్కలుగా వినిపించింది. రోజూ ఇదే టెన్షన్. కస్టమర్ కేర్‌కు ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఒకటే జవాబు: "మేడమ్, మీ దగ్గర సిగ్నల్ ఫుల్ ఉంది, రౌటర్ ఒకసారి ఆపి ఆన్ చేయండి."

చివరికి పాల లెక్క రాసే నోటుబుక్కులోనే పన్నెండు రోజులు రౌటర్ పేజీలోని అంకెలు రాసుకున్నాను. తెల్లవారుజామున ఐదింటికీ, రాత్రి ఎనిమిదింటికీ సిగ్నల్ బలం దాదాపు అదే మైనస్ 84. మారింది ఎస్ఐఎన్ఆర్. అంటే మన టవర్ మాట, చుట్టూ ఉన్న గోల కంటే ఎంత గట్టిగా వినిపిస్తోందో చెప్పే లెక్క. తెల్లవారుజామున 14 డెసిబెల్స్, రాత్రికి 2.

ఇది కోనసీమ. కొండ లేదు, గుట్ట లేదు. ఒకే ఫ్రీక్వెన్సీ మీద నడిచే మీ టవర్లు రెండు మూడు మా ఇంటికి ఇంచుమించు ఒకే బలంతో వినిపిస్తాయి. రాత్రి అందరూ ఫోన్లు పట్టుకున్నాక పక్క టవర్లు కూడా గట్టిగా పలుకుతాయి. జనం కిక్కిరిసే మా జగ్గన్నతోట తీర్థంలో పక్కనున్న మనిషి అరిచి చెప్పినా మాట తెలియనట్టే, బలం ఉన్నా మాట అందదు. గోల మధ్య గరిష్ఠంగా ఎంత డేటా పంపొచ్చో చెప్పేందుకు 1948లో శాస్త్రవేత్త షానన్ ఇచ్చిన సూత్రంలో వేసి చూడండి. 14 డెసిబెల్స్ దగ్గర ఫ్రీక్వెన్సీ వెడల్పులో ఒక్కో హెర్ట్జ్‌కు సెకనుకు గరిష్ఠంగా 4.7 బిట్లు, 2 దగ్గర 1.4 కూడా రావు. మిగిలిన ఆ కాస్తనూ టవర్ కింద ఉన్న ఊరంతా పంచుకోవాలి. బలం ఒక్కటే చూసి 42 అని ఎలా చెప్పారు?

ఇంకొకటి. గత ఆదివారం రౌటర్‌ను డాబా మీదికి తీసుకెళ్లి, సిమెంటు నీళ్ల ట్యాంకు చాటున తూర్పు వైపు పెట్టాను. మా కనెక్షన్ పలికే టవర్ అటే ఉంది, పడమటి టవర్లకు ట్యాంకు అడ్డం. బలం మైనస్ 93కి పడిపోయింది. ఎస్ఐఎన్ఆర్ మాత్రం 9కి పెరిగింది. రాత్రి ఎనిమిదికే 11 ఎంబీపీఎస్ వచ్చింది. మీ యాప్ అంచనా మాత్రం 42 నుంచి 20కి దిగింది! నెట్ బాగుపడితే బాగాలేదంటోంది, బాగాలేనప్పుడు బ్రహ్మాండం అంటోంది. డబ్బు కట్టించే ముందు జనానికి చూపించేది ఈ అంకెనే. వానాకాలం వస్తోంది, డాబా మీద రౌటర్ ఎన్నాళ్లు ఉంచను?

కాబట్టి మీ ఇంజినీరును పగలు కాదు, రాత్రి ఏడు పది మధ్య పంపి కొలిపించండి. పక్క టవర్ల యాంటెనాల వంపు సరిచేస్తారో, మాకు బయట పెట్టే యాంటెనా ఇస్తారో మీరే తేల్చండి. యాప్ అంచనాలో ఎస్ఐఎన్ఆర్‌ను, రద్దీ వేళను కలపండి. అప్పటిదాకా కొత్తవాళ్లకు ఆ అంకె చూపించకండి. నేను వాడుకోలేకపోయిన మూడు నెలల డబ్బు తిరిగి ఇవ్వండి. నోటుబుక్కు పేజీల ఫొటోలు జతచేశాను. ఫిర్యాదు నంబరు పంపండి. పరిష్కారం రాకపోతే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012లో తెచ్చిన ఫిర్యాదుల నిబంధనల ప్రకారం మీ అప్పీలు అధికారికి రాస్తాను.

ఇట్లు,
మీ వినియోగదారు,
ఉప్పలగుప్తం మండలం,
డా. బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా