కొండ పొగ కబురు మెట్ల దారికి చేరాలి

సంపాదకులకు నమస్కారం.

ఏటా శివరాత్రి దాటగానే కపిలతీర్థం దగ్గరి మా వీధిలో మేడల మీద వడియాలు వెలుస్తాయి. ఈసారి మా ఇంటి పిండివడియాలు ఒక ఎండైనా చూడకముందే వాటి మీద నల్లటి నుసి రాలింది. వేలితో తీసి చూశాను. కాలిన గడ్డిపోచ! ఆకారం చెడకుండా బూడిదైంది, ముట్టుకోగానే పొడైపోయింది. మా ఆవిడ పాతచీరతో సహా వడియాలన్నీ దులిపి పారేసింది. అవి పోతే పోయాయి. అదే గాలి రొప్పుతూ పీల్చుకుంటూ ఆ పూట అలిపిరి మెట్లు 3,550 ఎక్కినవారి సంగతేమిటి?

ఆ సాయంత్రం మా వీధి వాట్సాప్ గ్రూపులో ఉపగ్రహ పటం ఒకటి తిరిగింది. శేషాచలం మీద మంటలకు గుర్తుగా నాలుగైదు ఎర్రచుక్కలు. ‘కొండంతా తగలబడిపోతోంది’ అని ఒకాయన తీర్మానించారు. బడిలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి, ఊరుకోలేకపోయాను. ఆ పటానికి ఆధారం కొన్ని ఉపగ్రహాల్లో అమర్చిన వీర్స్ అనే పరికరం. అది నేలను 375 మీటర్ల గళ్లుగా చూస్తుంది. గడిలో ఒక మూల బాగా మండినా గడి మొత్తానికీ చుక్క పడుతుంది. చుక్క ఉన్నంత మేరా కాలిందని కాదు. చుక్క లేకపోతే మంట లేదనీ కాదు. ఆ ఉపగ్రహాలు మన మీదుగా వెళ్లేది మధ్యాహ్నం ఒకటిన్నర, రాత్రి ఒకటిన్నర ప్రాంతాల్లో. సాయంత్రం ఎవరో విసిరిన బీడీముక్కకు అంటుకున్న గడ్డి రాత్రి పదింటికే ఆరిపోతే వాటి లెక్కలోకి రాదు. పొగ మాత్రం చల్లగాలికి దిగి తెల్లవారేదాకా కొండ పాదాన్నే పట్టుకుని ఉంటుంది.

2024 ఫిబ్రవరి 17న మన జిల్లాలోని శ్రీహరికోట నుంచే ఎగిరిన ఇన్శాట్-3డీఎస్ అనే వాతావరణ ఉపగ్రహం రాత్రింబవళ్లు మన వైపే చూస్తుంది, నిజమే. కానీ చూసేది దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తు నుంచి. వేడిని పట్టే దాని గడి నాలుగు కిలోమీటర్లు. గడ్డి మంట దాని కంటికి ఆనదు.

పొగకూ దుమ్ముకూ తేడా మరో చిక్కు. చిత్తూరు వైపు గ్రానైట్ క్వారీల దుమ్ము, రోడ్డు పనుల దుమ్ము, కొండ పొగ, అన్నీ మామూలు కంటికి ఒకటే మసక. పైనుంచి తీసిన చిత్రం గాలి పొరలన్నిటినీ కలిపి చూపుతుంది కనుక, ఆ మసక మన ముక్కు దగ్గర ఉందో రెండు కిలోమీటర్ల పైన తేలిపోతోందో దాన్ని బట్టి తెలియదు. ఆ ఎత్తు చెప్పగల లైడార్, అంటే లేజర్ కాంతిని పైకి పంపి పొరలను లెక్కగట్టే సాధనం, చిత్తూరు దారిలోని గాదంకి వాతావరణ పరిశోధన ప్రయోగశాలలోనే ఉంది. నేల మీది గాలిని కొలిచే యంత్రాలూ ఉన్నాయి. సన్నకణాలు, అంటే పీఎం 2.5, పెరిగితే పొగ మీద అనుమానం. ముతకకణాలే ఎక్కువగా పెరిగితే దుమ్ము మీద. ఇదేమీ బ్రహ్మవిద్య కాదు.

2014 మార్చిలో శేషాచలం అంటుకున్నప్పుడు వాయుసేన హెలికాప్టర్లు నీళ్లు చల్లాయి. ఆ మంటను చూడటానికి ఉపగ్రహం అక్కర్లేకపోయింది, ఊరంతా చూసింది. నా గొడవ పత్రికకెక్కని చిన్న మంటల గురించి. భారత అటవీ సర్వే సంస్థ ఉపగ్రహ సమాచారంతో పంపే హెచ్చరికలు అటవీ సిబ్బంది ఫోన్లకు చేరుతున్నాయి. మంట ఆర్పేవారికి అవి చాలు. మెట్లెక్కేవారికి?

దర్శనానికి ఎన్ని గంటలు పడుతుందో, వరుస ఎక్కడిదాకా వచ్చిందో ఎప్పటికప్పుడు బోర్డు మీద చెప్పే ఊరు మనది. అదే బోర్డు మీద, ఫిబ్రవరి నుంచి మే దాకా, ఇంకో రెండు వరుసలు రాయలేమా? ఒకటి, సన్నకణాలు ఎంత ఉన్నాయన్నది. ఘనపు మీటరు గాలిలో రోజు సగటు 60 మైక్రోగ్రాములు దాటకూడదన్నది మన దేశ ప్రమాణం. రెండోది, కొండ మీద మంట ఉందా, గాలి ఎటు వీస్తోంది, ఉబ్బసం ఉన్నవారు బస్సెక్కడం మేలా అన్నది. తెలుగులో, తమిళంలో రాస్తే వచ్చేవారిలో చాలామందికి అర్థమవుతుంది.

రాత్రి ఒకటిన్నర చిత్రంలో పొగ కనపడదు, మంట వేడి ఒక్కటే కనపడుతుంది. దానికి గాలి దిశను, నేల మీది యంత్రం అంకెను కలిపి చూసుకోవాలి. సంబంధిత అధికారులు ఆ పనిని ఎవరో ఒకరికి అప్పగిస్తే, తెల్లవారుజామున మెట్ల దారి తెరిచేలోపు ఆ రెండు వరుసలూ బోర్డు మీదికి ఎక్కించవచ్చు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
కపిలతీర్థం రోడ్డు, తిరుపతి