కొత్తపట్నం తీరంలో కలిసిన అన్నకు

ఉగాది ముందటి అమావాస్య నాడు, తెల్లవారుజామున కొత్తపట్నం ఇసుకలో పాలపుంత ఫోటో తీయడానికి నాకు సాయం చేసిన అన్నా, మీ పేరు అడగనేలేదు. ఈ నాలుగు ముక్కలు మీకే.

"ఏందబ్బయ్యా, చీకట్లో ఆటోఫోకస్ ఎట్టా పడుద్ది?" అని మీరే పలకరించారు. ఒంగోలు వెలుగు వీపువైపు ఉండేలా నన్ను సముద్రం వైపు తిప్పారు. జ్యేష్ఠ నక్షత్రాన్ని తెరమీద పెద్దది చేసి, అది సూదిమొనంత అయ్యేదాకా లెన్సు మీది ఫోకస్ రింగును చేత్తో తిప్పమన్నారు. ఆ తర్వాత షట్టర్ ఎంతసేపు తెరిచి ఉంచాలో లెక్క: లెన్సు ఫోకల్ లెంగ్త్ 18 మిల్లీమీటర్లను మన కెమెరాలో బొమ్మను పట్టే చిన్న సెన్సరు కోసం ఒకటిన్నరతో గుణిస్తే 27, చుక్కల ఫోటోలకు వాడే 500 అనే అంకెను దాంతో భాగిస్తే సుమారు 18 సెకన్లు. అంతకు మించితే, భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి, చుక్కలు గీతలవుతాయి. నన్నడిగితే 18 కూడా ఎక్కువే, మూలల్లో తోకలొస్తున్నాయి. నేనిప్పుడు 15 దగ్గరే ఆగుతున్నాను.

వెలుగును పట్టే సున్నితత్వం, అంటే ఐఎస్ఓ, 3200; కెమెరా మార్పులు చేయని రా ఫైలు; నొక్కినప్పుడు కెమెరా కదిలినా ఫోటో చెదరకుండా రెండు సెకన్ల టైమరు. వృశ్చికం కొండికీ ధనుస్సుకీ మధ్య పాలపుంత తెరమీద తేలగానే నాకంటే మీరే గట్టిగా అరిచారు! దాన్ని ఊదారంగులో ముంచేసే ఫోటోలు నాకు నచ్చవు. మీరూ రంగులు ముట్టుకోవద్దన్నారు, సంతోషం.

ఉప్పుగాలికి లెన్సు మసకేసిన ప్రతిసారీ తుడిచిన ఆ మెత్తటి గుడ్డ నా సంచిలోనే ఉండిపోయిందన్నా. వచ్చే అమావాస్యకు అక్కడికే తెస్తాను. చాలా థ్యాంక్స్.